కుక్కలన్నీ తిరిగి రావాలి: మంచుబండి సెప్పలా కథ

జంషెడ్‌పూర్‌లోని బిష్టుపూర్ అనగానే మన తెలుగువాళ్లకు ముందు గుర్తొచ్చేది ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం. అదే బిష్టుపూర్‌లో, జేఆర్డీ టాటా స్పోర్ట్స్ కాంప్లెక్స్ కేంద్రంగా, టాటా స్టీల్ అడ్వెంచర్ ఫౌండేషన్ పనిచేస్తోంది. 1984లో ఎవరెస్టు ఎక్కిన తొలి భారతీయ మహిళ బచేంద్రీ పాల్ దాన్ని దశాబ్దాలపాటు నడిపారు. మంచు కొండలకు బయల్దేరేవాళ్లు తమ సామానంతా నేల మీద పరిచి ఒక్కొక్కటీ సరిచూసుకుంటారు. ఒక్క జత చేతితొడుగులు మరిచిపోతే పైన వేళ్లు పోతాయి.

ఆ సరిచూసుకోవడాన్నే పందెం నిబంధనగా మార్చిన ఆట ఒకటి అలాస్కాలో ఉంది. కుక్కలు లాగే మంచుబండి మీద దాదాపు వెయ్యి మైళ్లు, అంటే సుమారు 1600 కిలోమీటర్లు వెళ్లే ఇడిటరాడ్ పందెం అది. బండి తోలేవాణ్ని మషర్ అంటారు. మషర్ దగ్గర చలికి తట్టుకునే పడక సంచి, గొడ్డలి, మంచు మీద నడిచే చెప్పులు ఉండి తీరాలి. కనీసం 11 లీటర్ల నీళ్లు కాగే గిన్నె, పొయ్యి కావాలి. ఒక్కో కుక్కకు 8 మేజోళ్ల చొప్పున ఉండాలి. పశువైద్యులు రాసే పుస్తకం వెంట ఉండాలి. వీటిలో ఏది లేకపోయినా దారిలోని మజిలీ నుంచి ముందుకు కదలనివ్వరు. ఈ జాబితాలో మనిషి కోసం ఉన్నవాటి కన్నా కుక్కల కోసం ఉన్నవే బరువు. అది ఎందుకో తెలియాలంటే లియన్‌హార్డ్ సెప్పలా జీవితం చూడాలి.

సెప్పలా 1877 సెప్టెంబరు 14న ఉత్తర నార్వేలోని స్కిబొట్న్‌లో పుట్టాడు. తండ్రి చేపలు పట్టేవాడు, కమ్మరి పని కూడా చేసేవాడు. కొడుకు రెండూ నేర్చుకున్నాడు. అలాస్కాలోని నోమ్‌లో బంగారం దొరికి కోటీశ్వరులైన ముగ్గురిలో యాఫెట్ లిండెబర్గ్ అతనికి ఎరిగినవాడే. ఆ పిలుపుతో 1900లో సెప్పలా నోమ్ చేరాడు. బంగారం మాత్రం దొరకలేదు. లిండెబర్గ్ గనుల కంపెనీలోనే కూలికి కుదిరి, చలికాలంలో కుక్కల బండి మీద సామాన్లు మోసే పనిలో పడ్డాడు. పొట్టివాడే అయినా ఒళ్లు దృఢం. రోజంతా బండి వెనక పరిగెత్తినా అలిసేవాడు కాదు.

1913లో లిండెబర్గ్ సైబీరియా జాతి కుక్కపిల్లల్ని కొన్నాడు. దక్షిణ ధ్రువం చేరిన తొలి మనిషి రోఆల్డ్ అముండ్‌సెన్ ఉత్తర ధ్రువానికి వెళ్తానంటే, ఆయనకు బహుమతిగా ఇవ్వాలని ఉద్దేశం. వాటికి తర్ఫీదునిచ్చే పని సెప్పలాకు అప్పగించాడు. ఆ యాత్ర రద్దయింది. కుక్కలు సెప్పలా దగ్గరే ఉండిపోయాయి. అలాస్కాలో బళ్లు లాగే కుక్కలు పెద్దవి, బరువైనవి. వాటి పక్కన ఈ సైబీరియా కుక్కలు చూడ్డానికి బక్కగా ఉండేవి. ఊళ్లో కొందరు ఎలుకలని ఎగతాళి చేసేవారు. ఇప్పుడు మన నగరాల్లో ఏసీ గదుల్లో పెరుగుతున్న హస్కీలు ఆ జాతివే. నలభై డిగ్రీల ఎండలో వాటిని పెంచడం ఎంతవరకు న్యాయమన్నది వేరే చర్చ.

నోమ్‌లో అప్పటికే పందెం ఉంది. 1907లో నోమ్ కెన్నెల్ క్లబ్ ఏర్పడింది. మరుసటి ఏడు అది ఆల్ అలాస్కా స్వీప్‌స్టేక్స్ మొదలుపెట్టింది. నోమ్ నుంచి కాండిల్ అనే ఊరికి వెళ్లి తిరిగి రావాలి. మొత్తం 408 మైళ్లు, అంటే 656 కిలోమీటర్లు. విశాఖపట్నం నుంచి హైదరాబాద్ దూరాన్ని కాస్త మించుతుంది. నిబంధనలు కొద్దే, కానీ కఠినం. బయల్దేరేటప్పుడు నమోదైన కుక్కలే చివరిదాకా ఉండాలి, దారిలో కొత్తది చేర్చకూడదు. కట్టుకెళ్లిన ప్రతి కుక్కనూ వెనక్కి తీసుకురావాలి, బతికున్నా చచ్చినా సరే. కుంటిపడ్డదాన్ని బండి మీద వేసుకుని మోసుకురావాల్సిందే.

ఈ నిబంధనను జాలి అనుకోనక్కర్లేదు. నోమ్ పందేల మీద డబ్బు పెద్ద ఎత్తున చేతులు మారేది, కుక్కల్ని మార్చే మోసాన్ని ఆపడం క్లబ్‌కు అవసరం. కానీ దాని ఫలితం మరోలా పనిచేసింది. ఒక కుక్క కూలబడితే అది బండిలో బరువవుతుంది, మిగతావి దాన్ని లాగాలి. కాబట్టి కొట్టి తోలేవాడు ఓడిపోతాడు, కాచుకుని తోలేవాడు గెలుస్తాడు.

సెప్పలా ఆ పాఠాన్ని 1914లో చేదుగా నేర్చుకున్నాడు. అనుభవం లేని కుక్కలతో తొలిసారి పందెంలో దిగాడు. మంచు తుపానులో దారి తప్పి, బేరింగ్ సముద్రం మీది కొండ అంచుకు చేరిపోయాడు. ఇంకొన్ని అడుగులు వేస్తే అందరూ కిందే. ఎలాగో ఆపి వెనక్కి మళ్లించేసరికి కుక్కల పాదాలు చీరుకుపోయి రక్తం కారుతోంది. పందెం మానుకుని తిరిగొచ్చాడు. తనను నమ్మిన కుక్కల్ని తానే గాయపరిచానన్న అపరాధ భావం అతన్ని చాలాకాలం వదల్లేదు.

మరుసటి ఏడాది పొడవునా వాటి పాదాలు గట్టిపడేలా, నెమ్మది మీద దూరం పెంచుతూ తర్ఫీదునిచ్చాడు. 1915, 1916, 1917లో వరసగా మూడుసార్లు గెలిచాడు. యుద్ధం వల్ల ఆ తర్వాత పందెమే ఆగిపోయింది.

పాదాల గురించి ఇంత చెప్పడానికి కారణం ఉంది. కుక్కకు ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక బయటపెట్టి రొప్పుతూ వేడి వదులుతుంది, కాస్త పాదాల నుంచి కూడా పోతుంది. వేళ్ల మధ్య తడికి మంచు గడ్డకట్టి గోలీల్లా చేరుతుంది. అడుగు వేసినప్పుడల్లా అవి చర్మాన్ని కోస్తాయి. అందుకే మేజోళ్లు. దూరపు పందెంలో ఒక కుక్కకు రోజుకు సుమారు 10 వేల కేలరీల తిండి కావాలి. దారిలో నీళ్లు దొరకవు, మంచు కరిగించే కాచాలి. ఆ గిన్నె అంత పెద్దది కావడానికి అదే కారణం. మషర్ మజిలీ చేరాక ముందు కుక్కల పాదాలు చూస్తాడు, వాటికి గడ్డి పరుస్తాడు, తిండి వండుతాడు. తన నిద్ర ఆఖర్న.

సెప్పలా పేరు ప్రపంచానికి తెలిసింది పందెం వల్ల కాదు, జబ్బు వల్ల. 1925 జనవరిలో నోమ్‌లో పిల్లలకు డిఫ్తీరియా సోకింది. ఊళ్లోని ఏకైక డాక్టరు కర్టిస్ వెల్చ్ దగ్గరున్న మందుకు గడువు తీరిపోయింది. ఓడరేవు గడ్డకట్టి ఉంది. విమానాలు ఉన్నా అవి పైకప్పు లేనివి, చలికాలానికి విప్పి పెట్టేశారు. యాంకరేజ్ ఆస్పత్రిలో 3 లక్షల యూనిట్ల సీరం దొరికింది. దాన్ని నెనానా దాకా రైల్లో తెచ్చారు. అక్కడి నుంచి నోమ్‌కు 674 మైళ్లు, అంటే దాదాపు 1085 కిలోమీటర్లు. టాటానగర్ నుంచి హౌరాకు రెండుసార్లు వెళ్లి తిరిగొచ్చినదాని కన్నా కొంచెం ఎక్కువే. 20 మంది మషర్లు, సుమారు 150 కుక్కలు చేయి మార్చుకుంటూ దాన్ని మోశాయి. టపా బళ్లకు ఆ దూరం వారాల ప్రయాణం. సీరం మాత్రం 127 గంటల పైచిలుకులో చేరింది.

సామాను మరిచిపోతే ఏమవుతుందో ఆ ప్రయాణంలోనే తేలింది. చార్లీ ఎవాన్స్ అనే యువ మషర్ ఆదరాబాదరాగా బయల్దేరుతూ కుందేలు చర్మాలు వదిలేశాడు. జుట్టు పలచగా ఉండే పొట్ట అడుగు భాగానికి వాటిని కడతారు. దారిలో ముందు నడిచే రెండు కుక్కలు చలికి కొయ్యబారి కూలిపోయాయి. ఎవాన్స్ వాటిని బండిలో వేసుకుని, తానే ముందు నిలబడి పట్టీ భుజాన వేసుకుని లాగాడు. ఆ రెండూ బతకలేదు.

సెప్పలా అటు వైపు నుంచి, నోమ్ నుంచి బయల్దేరాడు. అతని ఒక్కగానొక్క కూతురు సిగ్రిడ్‌కు అప్పుడు ఎనిమిదేళ్లు, ఆమె నోమ్‌లోనే ఉంది. బండి ముందు టోగో. పుట్టుకతో రోగిష్ఠి పిల్ల అది. చెప్పిన మాట వినదని ఎవరికో పెంచుకోవడానికి ఇచ్చేస్తే, కిటికీ అద్దం పగలగొట్టుకుని దూకి ఇంటికి తిరిగొచ్చింది. ఎనిమిది నెలల వయసులో తొలిసారి పట్టీ కడితే ఆ ఒక్కరోజే 75 మైళ్లు పరిగెత్తింది. 1925 నాటికి అది ముసలి కుక్క, పదకొండు పన్నెండేళ్లు ఉంటాయి.

సెప్పలా నులాటో దాకా వెళ్లి సీరం తేవాలని మొదటి ఏర్పాటు. అతను బయల్దేరాక అధికారులు మధ్యలో ఇంకా మషర్లను పెంచారు. ఆ సంగతి చేరవేసే దారి లేదు. షక్టూలిక్ దగ్గర హెన్రీ ఇవానాఫ్ బండి ఆగి ఉంటే, సెప్పలా దాటుకుని పోబోయాడు. ఇవానాఫ్ కేకలు వేస్తూ వెంటపడి ఆపాడు. సీరం అందుకున్నాక సెప్పలా ముందు రెండు దారులున్నాయి. నార్టన్ అఖాతం ఒడ్డు చుట్టూ తిరిగితే ఒక రోజు ఆలస్యం. గడ్డకట్టిన అఖాతం మీదుగా వెళ్తే దగ్గర. కానీ గాలికి ఆ మంచు ఏ క్షణమైనా పగిలి ముక్కలై సముద్రంలోకి కొట్టుకుపోతుంది. వచ్చేటప్పుడు అప్పటికే ఒకసారి దాటాడు, రాత్రివేళ, ఎదురుగాలిలో మళ్లీ దాటాడు. తర్వాత కొన్ని గంటలకే ఆ దారిలో మంచు పగిలిపోయింది.

పాదాలు చీరుకున్నాయని పందెం వదిలేసిన మనిషి, అన్ని కుక్కల ప్రాణాలనూ ఒక్కసారిగా పణం పెట్టాడు. అది వీరత్వమని చాలా పుస్తకాలు రాసేశాయి. తండ్రి భయం కూడా అందులో ఉందనుకోవడమే న్యాయం. అతను టోగోను నమ్మి ఆ పని చేశాడు, టోగో నిలబెట్టింది. అంతే తప్ప ఇంకోసారి అలా చేయదగినదని అతని జీవితంలో ఎక్కడా కనపడదు.

గోలొవిన్‌లో సీరాన్ని చార్లీ ఓల్సన్‌కు అప్పగించేసరికి సెప్పలా బృందం మొత్తం 261 మైళ్లు తిరిగింది, అందులో మందుతో మోసినవి 91 మైళ్లు. మరే మషరూ దరిదాపుల్లో లేడు. ఓల్సన్ నుంచి గున్నార్ కాసెన్ అందుకుని ఫిబ్రవరి 2 తెల్లవారుజామున నోమ్ చేరాడు. అతని బండి ముందున్న కుక్క బాల్టో. అది కూడా సెప్పలా కుక్కే, రెండో తరగతిదని వదిలి వెళ్లినది. పేపర్లన్నీ బాల్టో పేరే రాశాయి. ఆ డిసెంబరులోనే న్యూయార్క్ సెంట్రల్ పార్కులో దాని విగ్రహం పెట్టారు. టోగో పేరు ఎక్కడా లేదు.

సెప్పలా ఆ అవమానాన్ని చివరిదాకా మోశాడు. అతని కోపంలో న్యాయముంది. అయితే ఈ కీర్తి పంపకంలో అందరికన్నా నష్టపోయింది టోగో కూడా కాదు. 20 మంది మషర్లలో ఎక్కువమంది అథబాస్కన్, ఇనుపియాక్ ఆదివాసులు. ఆ దారులూ, ఆ కుక్కల విద్యా తరతరాలుగా వాళ్లవి. ఎవాన్స్ లాంటివాళ్ల పేర్లు పేపర్లలో ఓ మూలన వచ్చి మాయమైపోయాయి.

తర్వాత సెప్పలా కుక్కలతో అమెరికా అంతా తిరిగాడు. న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో అముండ్‌సెన్ స్వయంగా టోగో మెడలో పతకం వేశాడు. మేన్ రాష్ట్రంలోని పోలండ్ స్ప్రింగ్‌లో ఎలిజబెత్ రికర్‌తో కలిసి సైబీరియా కుక్కల పెంపకం మొదలుపెట్టి, టోగోను అక్కడే విశ్రాంతికి వదిలాడు. 1929 డిసెంబరులో కీళ్లు పడిపోయి, చూపు మందగించిన టోగోను నొప్పి లేకుండా నిద్రపుచ్చారు. 1932లో లేక్ ప్లాసిడ్ శీతాకాల ఒలింపిక్స్‌లో కుక్కల బండి పందెం ప్రదర్శన క్రీడగా పెడితే, యాభై నాలుగేళ్ల సెప్పలా రెండో స్థానంలో వచ్చాడు. మొదట వచ్చినవాడు కెనడాకు చెందిన ఎమిల్ సెయింట్ గొడార్డ్. చివరికి సియాటిల్‌లో స్థిరపడ్డాడు. 1967 జనవరి 28న, 89 ఏళ్ల వయసులో చనిపోయాడు.

అప్పటికి అలాస్కా పల్లెల్లో మంచు స్కూటర్లు వచ్చేసి ఇళ్ల ముందు కుక్కలు మాయమవుతున్నాయి. డొరతీ పేజ్, జో రెడింగ్టన్ కలిసి పాత ఇడిటరాడ్ దారిలో పందెం తలపెట్టారు. 1967 ఫిబ్రవరిలో, సెప్పలా పోయిన కొద్ది రోజులకే, అతని స్మారకంగా సుమారు 25 మైళ్ల చొప్పున రెండు విడతలుగా అది జరిగింది. నోమ్ దాకా పూర్తి పందెం 1973లో మొదలైంది. 34 మంది బయల్దేరితే 22 మంది చేరారు. గెలిచిన డిక్ విల్మార్త్‌కు దాదాపు 20 రోజులు పట్టింది. ఆ తొలి ఏళ్లలో కుక్కలు చాలానే చనిపోయాయి, జంతు సంరక్షకుల విమర్శ అప్పటి నుంచి ఆగలేదు.

నిబంధనలు ఆ విమర్శ ఒత్తిడితో కూడా పెరిగాయి. ఒక చోట 24 గంటలు, మరి రెండు చోట్ల 8 గంటల చొప్పున ఆగి తీరాలి. కుక్కలకు మత్తుమందుల పరీక్షలుంటాయి. అలసిన కుక్కను మజిలీలో పశువైద్యులకు అప్పగించవచ్చు, కానీ దాని బదులు మరొకటి కట్టకూడదు. ముగింపు గీత దగ్గర కనీసం 5 కుక్కలు బండి లాగుతూ ఉండాలి. దారిలో కుక్క చనిపోతే దాన్ని మజిలీ దాకా మోసుకురావాలి. ఆ చివరిది నోమ్ క్లబ్ పాత నిబంధనే. తేడా ఏమిటంటే, నాడు మోసం పట్టుకోవడానికి, నేడు శవపరీక్ష చేసి కారణం కనుక్కోవడానికి.

కుక్కలు చనిపోవడం మాత్రం పూర్తిగా ఆగలేదు. వెయ్యి మైళ్లు పరిగెత్తించడమే తప్పనే వాదనకు మేజోళ్ల జాబితా జవాబు కాదు.

టోగో దేహాన్ని భద్రపరిచి అలాస్కాలోని వసిల్లాలో, ఇడిటరాడ్ ప్రధాన కార్యాలయంలో ఉంచారు. పందెంలో తన కుక్కల్ని అందరికన్నా బాగా చూసుకున్న మషర్‌కు ఏటా ఒక అవార్డు ఇస్తారు. గెలిచినవాడికే అది దక్కాలని లేదు. దాని పేరు లియన్‌హార్డ్ సెప్పలా హ్యుమానిటేరియన్ అవార్డు.