పక్షుల బాటలను కనుగొనిన బడిపంతులు
(వెల్స్ వుడ్‌బ్రిడ్జి కుక్ జీవితము)

ఉత్తరధ్రువ ప్రాంతమున గ్రుడ్లు పెట్టి, చలికాలము రాకమునుపే వేలకొలది మైళ్ళు దాటి దక్షిణ దేశములకు పోవు తీరపక్షులు ఏ దారిని పోవునో, ఏ దినమున ఏ చోట దిగునో పందొమ్మిదవ శతాబ్దమున సైతము పండితులు స్పష్టముగ నెఱుగరు. దీనిని ఒక్క మనుష్యుడు ఒక్క చోట నిలిచి కనుగొనజాలడు. పక్షి ఒక్క రాత్రిలో వందల మైళ్ళు పోవును. చూచువాడు తన చెఱువుగట్టుననే యుండును. అయినను ఒక్కొక్క గట్టున ఒక్కొక్కరు నిలిచి, తాము చూచినది దాచుకొనక ఒకరికొకరు తెలుపుకొనినచో పక్షి బాట బయలుపడును. ఈ చిన్న యుపాయమును పెద్ద శాస్త్రముగ మార్చినవారిలో అగ్రగణ్యుడు వెల్స్ వుడ్‌బ్రిడ్జి కుక్ అను అమెరికా దేశపు ఉపాధ్యాయుడు.

కుక్‌గారు 1858వ సంవత్సరము జనవరి 25వ తేదీన మసాచుసెట్స్ రాష్ట్రములోని హేడెన్‌విల్ గ్రామమున జన్మించెను. తండ్రి క్రైస్తవ సంఘబోధకుడు. కుటుంబము విస్కాన్సిన్ రాష్ట్రమునందలి రిపన్ పట్టణమునకు తరలిపోయినందున బాలుని పెంపకము అచ్చటనే జరిగెను. రిపన్ కళాశాలయందును, పిమ్మట అయోవా విశ్వవిద్యాలయమందును చదివి 1879లో పట్టము పొందెను. ఆ సంవత్సరముననే వివాహమాడి, జీవనోపాధికై ఉపాధ్యాయవృత్తి నవలంబించెను. బాల్యమునుండియు ఆయనకు పక్షులయందు మక్కువ మెండు.

మిన్నెసోటా రాష్ట్రమునందలి వైట్ అర్త్ మొదలగు తావులలో ఒజిబ్వే అను ఆదిమజాతివారి పిల్లల కేర్పఱచిన పాఠశాలలలో ఆయన కొన్ని సంవత్సరములు పనిచేసెను. అట్టి పాఠశాలలు పిల్లలను తమ మాతృభాషకు దూరము చేసెనని తరువాతి కాలమున విమర్శ పుట్టినది. అందు న్యాయము గలదు. కుక్‌గారు మాత్రము ఆ జాతివారు పక్షులకు పెట్టుకొనిన పేర్లను వారినడిగి తెలిసికొని వ్రాసికొనెను. ఆ పేర్ల పట్టికను 1884లో పక్షిశాస్త్ర పత్రికయందు ప్రకటించెను. ఏ నేలమీది పక్షిని ఆ నేలవారే ముందుగా నెఱుగుదురను సంగతి ఆయన కచ్చట బోధపడియుండవచ్చును.

1881వ సంవత్సరపు చలికాలమున ఆయన కొక యూహ తోచెను. అయోవా రాష్ట్రమున పక్షులను గమనించు మిత్రులకు ఉత్తరములు వ్రాసి, శీతకాలమున తమ యూరనున్న పక్షుల పట్టికను, వసంతమున తొలుదొల్త కనబడిన ప్రతి పక్షియొక్క తేదీని పంపవలసినదని కోరెను. జవాబులు కొద్దిగనే వచ్చెను. వచ్చినవానిని ప్రక్కప్రక్కన పెట్టి చూడగా, ఒక యూరి తేదీ వట్టి తేదీయే గాని, అయిదారూళ్ళ తేదీలు కలిసినప్పుడు పక్షి నడక కన్నులకు గట్టెను. వెంటనే ఆయన తన కోరికను మిసిసిపీ నదీలోయ అంతటికిని విస్తరింపజేసెను. ఈ పనికి జీతము లేదు. పగలు పాఠములు చెప్పి తక్కిన వేళల చేసికొనిన పని.

1883లో అమెరికా పక్షిశాస్త్రజ్ఞుల సమాజము న్యూయార్కున స్థాపింపబడెను. హార్ట్ మెరియం అను పండితుడు పక్షుల వలసను గూర్చిన ఉపసంఘమునకు అధ్యక్షుడై, మిసిసిపీ లోయ భాగమును కుక్‌గారికి అప్పగించెను. పరిశీలకులకు పంపిన పత్రములలోని ప్రశ్నలు గమనింపదగినవి. పక్షి తొలుత కనబడిన దినమెప్పుడు, మరల కనబడిన దెప్పుడు, విస్తారముగ వచ్చిన దెప్పుడు, కడపట కనబడిన దెప్పుడు అనునవి మాత్రమే గాక, ఆ చోటు ఎట్టిది, గాలి ఎటునుండి వీచుచున్నది, కప్పలు ఎన్నడు కూయ మొదలిడెను, చెట్లు ఎన్నడు పూచెను అని కూడ అడిగిరి. పక్షిని గూర్చి తెలిసికొనవలెనన్న దానిని మోయు నేలను, నీటిని, గాలిని గూర్చియు తెలియవలెను గదా!

ఈ పత్రములను నింపినవారందఱు పండితులు కారు. రైతులుండిరి, ఉపాధ్యాయులుండిరి, దీపస్తంభముల కావలివారుండిరి. పది పక్షులను మాత్రమే గుర్తింపగలవాడును ఆ పదింటిని గూర్చి నిజము వ్రాసిన చాలునని వారికి తెలిపిరి. ఆ లోయయందే నూఱుగురికి పైగా పరిశీలకులు సమకూడిరి. వారి పత్రములను సరిపోల్చి చూడగా, వసంతమున దక్షిణపు వెచ్చని గాలి వీచిన రాత్రులలో పక్షులు అలలు అలలుగ ఉత్తరమునకు సాగుననియు, చలిగాలి తిరిగినంతనే ఆగిపోవుననియు కుక్‌గారు కనుగొనెను. 1884, 1885 సంవత్సరముల ఫలితములు 1888లో ప్రభుత్వ గ్రంథముగ వెలువడెను.

తరువాత ఆయన వెర్మాంట్, కొలరాడో, పెన్సిల్వేనియా రాష్ట్రముల కళాశాలలలో వ్యవసాయశాస్త్రము బోధించెను. కొలరాడోలో నుండగా ఆ రాష్ట్రపు పక్షులను గూర్చి 1897లో గ్రంథము వ్రాసెను. తుదకు 1901లో వాషింగ్టన్ నగరమున, ప్రభుత్వ వ్యవసాయశాఖకు చెందిన జీవపరిశీలన కార్యాలయమున ఉద్యోగియయ్యెను. ఇరువది సంవత్సరములు తీరిక వేళల చేసిన పని అప్పటికి ఆయన వృత్తియయ్యెను. ప్రతి పక్షికి, ప్రతి తావునకు ఒక్కొక్క చిన్న చీటీ వ్రాసి పెట్టెలలో వరుసగ నమర్చుట ఆ కార్యాలయపు పద్ధతి. పాత పుస్తకములనుండియు, క్రొత్త యుత్తరములనుండియు ఏరిన సమాచారమును ఆయన స్వహస్తముతో లెక్కకు మిక్కిలి చీటీలపై కెక్కించెను.

ఆ చీటీలనుండి పుట్టిన గ్రంథములలో 1910లో ప్రకటింపబడిన ఉత్తర అమెరికా తీరపక్షుల గ్రంథము ముఖ్యమైనది. అందు బంగారు ప్లవరు కథ మిక్కిలి ఆశ్చర్యకరము. ఇది పావురము కంటె చిన్నది. వీపున బంగారు చుక్కలు గల పక్షి. ఆర్కిటిక్ తీరమున పిల్లలను పెంచి, వేసవి ముగియగనే తూర్పున లాబ్రడార్ తీరము చేరి, అచ్చటి నల్లని పొదపండ్లను తిని క్రొవ్వును. పిమ్మట సముద్రముపై కెగిరి, దాదాపు 2400 మైళ్ళు అట్లాంటిక్ మహాసముద్రమును దాటి దక్షిణ అమెరికా చేరును. ఆపైన అర్జెంటీనా పచ్చికబయళ్ళలో చలికాలము గడుపును. వసంతమున మరలి వచ్చునప్పుడు మాత్రము ఆ దారిని రాదు. మిసిసిపీ లోయ మీదుగ ఉత్తరమునకు పోవును.

సముద్రముపై పక్షిని వెంబడించినవా రెవరును లేరు గదా, కుక్‌గారి కీ సంగతి ఎట్లు తెలిసెను? తీరపు ఊళ్ళ చీటీలలో శరత్కాలమున ప్లవరు కనబడెను, వసంతమున దాదాపు కనబడలేదు. లోయలోని ఊళ్ళ చీటీలలో వసంతమున గుంపులు గుంపులుగ కనబడెను. కావున రాక వేఱు, పోక వేఱు. కనబడినదని వ్రాసిన చీటీవలెనే, వెదకినను కనబడలేదని నిజాయితీగ వ్రాసిన చీటీయు ఇందుకు సాక్ష్యమయ్యెను.

అయితే బాటలు తెలియుచున్న ఆ దినములలోనే బాటసారులు నశించుచుండిరి. ఎస్కిమో కర్ల్యూ అను తీరపక్షి ప్లవరు దారినే పోవును. నెబ్రాస్కా, కాన్సాస్ మైదానములలో వసంతమున దిగిన గుంపులను వేటగాండ్రు బండ్లకొలది చంపి అంగళ్ళకు పంపిరి. ముందెక్కువగ వచ్చిన ఊళ్ళనుండియే తరువాత రాలేదను సమాచారము రాసాగెను. చీటీలను వరుసపెట్టువాడు ఒక జాతి తఱిగిపోవుటను అందఱికంటె ముందుగ చూచును. అది సంతోషకరమైన పని కాదు. కుక్‌గారు చూచి ఊరకుండలేదు. 1913లో వలసపక్షుల రక్షణకై చట్టము రాగా, దాని క్రింద వేట కాలములను నిర్ణయించు నియమములు వ్రాసిన ముగ్గురిలో ఆయన యొకడు. ఏ ప్రాంతమున పక్షి ఎప్పుడు వచ్చునో తెలియనిదే వేట నెప్పుడు నిషేధింపవలెనో తెలియదు. రైతులును, దీపస్తంభముల కావలివారును వ్రాసిన తేదీలు ఆ విధముగ దేశపు నియమములకు ఆధారములయ్యెను. 1914లో తీరపక్షుల భవిష్యత్తును గూర్చి ఆయన ప్రత్యేకముగ ఒక వ్యాసము వ్రాసెను.

1916వ సంవత్సరము మార్చి 30వ తేదీన వాషింగ్టన్ నగరమున కుక్‌గారు పరలోకగతుడయ్యెను. అప్పటికి ఆయన వయస్సు 58 సంవత్సరములు. అమెరికా ప్రభుత్వమును, కెనడా తరపున బ్రిటన్ ప్రభుత్వమును వలసపక్షులను కాపాడుటకు చేసికొనిన ఒడంబడిక ఆ యేటి ఆగస్టు 16వ తేదీన జరిగెను. దానిని చూచు భాగ్యము ఆయనకు లేకపోయెను. ఎస్కిమో కర్ల్యూకు ఆ రక్షణ ఆలస్యముగ వచ్చినది. 1963 తరువాత ఆ పక్షి నిశ్చయముగ ఎవరికిని చిక్కలేదు. బంగారు ప్లవరు మాత్రము బ్రతికి యున్నది. నేటికిని ఆ దారినే పోవుచున్నది.

తండ్రి పనిని కుమార్తె మే థాచర్ కుక్ అదే కార్యాలయమున కొనసాగించెను. ఆ చీటీల సేకరణ 1970 వఱకు సాగి, మొత్తము దాదాపు 60 లక్షలయ్యెను. చాలకాలము అవి పెట్టెలలో నిద్రించెను. 2009 నుండి లోకమందలి స్వచ్ఛంద సేవకులు వానిని చదివి కంప్యూటరులలో కెక్కించిరి. నాడు కప్పల కూతను, చెట్ల పూతను అడిగిన ప్రశ్నలకు వచ్చిన జవాబులు, వాతావరణము వేడెక్కుచున్న యీ కాలమున పక్షుల రాక ఎంత ముందునకు జరిగినదో కొలుచుటకు సాయపడుచున్నవి. తీరపక్షి నిలువకుండ సముద్రము దాటగలదా యను సందేహమునకును ఉత్తరము దొరకెను. 2007లో సన్నని యంత్రము ధరించిన గాడ్‌విట్ అను తీరపక్షి అలాస్కానుండి న్యూజిలాండ్‌కు ఎనిమిది దినములలో, ఎచ్చటను దిగక, 7000 మైళ్ళకు పైగా ఎగిరెను.

విద్యార్థులారా! కుక్‌గారి బంగారు ప్లవరునకు సమీప బంధువైన పక్షి ప్రతి శీతకాలమున సైబీరియా ప్రాంతమునుండి మన తీరమునకును వచ్చుచున్నది. పులికాటు సరస్సు అంచుల, కాకినాడ సమీపమున కోరింగ బురదమేటలపైని, ఉల్లంకి పిట్టల నడుమ ఓపికతో చూచినవారికి అది కనబడును. చూచిన దినమును, ఆ చోట నీరెంత యున్నదో, బురద ఎండినదో తడిసినదో ఒక పుస్తకమున వ్రాసికొని తోడివారికి తెలుపుడు. కనబడకున్నచో కనబడలేదనియే వ్రాయుడు. కుక్‌గారికి తోడ్పడిన రైతుల పేర్లు మనము వినలేదు. వారు వ్రాసిన తేదీలు మాత్రము నేటికిని నిలిచి, పక్షులకు దారి విడిచి పెట్టుడని లోకమునకు చెప్పుచున్నవి.