అందని నక్షత్రాలను చదివిన వైను బప్పు



చూడని దేవుణ్ణి ఎలా నమ్మాలని జ్ఞానోపదేశం తరగతిలో పిల్లలు అడుగుతుంటారు. చేతికి అందినదే నిజమైన జ్ఞానమని వారి అభిప్రాయం. అలా అడిగే పిల్లలకు మీరు ఇంట్లో చెప్పదగిన జీవితం ఒకటున్నది. అది మన పద్మారావు నగర్‌కు దూరం కాని బేగంపేటతో ముడిపడినది.

నవాబు జఫర్ జంగ్ 1901లో స్థాపించిన నిజామియా వేధశాల తరువాత బేగంపేటకు మారింది. ఆకాశమంతా ఫొటోలు తీసి నక్షత్రాల పట్టిక తయారుచేసే పనిని ప్రపంచంలోని వేధశాలలు పంచుకొన్నప్పుడు ఒక భాగం హైదరాబాదుకు, మరొకటి వాటికన్‌కు వచ్చాయి. వాటికన్‌లో ఆ ఫొటోలపై నక్షత్రాల స్థానాలను కొలిచినవారు మఠకన్యలు!

ఈ నిజామియా వేధశాలలో పనిచేసిన ఒక ఉద్యోగి కుమారుడే వైను బప్పు. 1927 ఆగస్టు 10న మద్రాసులో జన్మించారు. నిజాం కళాశాలలో చదివి, హైదరాబాదు ప్రభుత్వ ఉపకారవేతనంతో 1949లో అమెరికాలోని హార్వర్డ్‌కు వెళ్ళారు. ఆ ఏడే ఒక కొత్త తోకచుక్కను కనుగొన్నారు. 1952లో డాక్టరేటు పొందారు.

సూర్యుని తరువాత మనకు అతి దగ్గరి నక్షత్రం నుండి వెలుగు రావడానికే నాలుగేళ్ళు దాటుతుంది. అక్కడికి ఎవరు పోగలరు? మనకు అందేది వెలుగు మాత్రమే. దానిని పట్టకం గుండా పంపితే రంగుల పట్టీ, అందులో సన్నని గీతలు కనిపిస్తాయి. ఏ పదార్థం గీతలు దానివే. 1860లలో రోమునగరంలో యేసుసభ గురువు ఆంజెలో సెక్కి ఈ పట్టీలను బట్టే నక్షత్రాలను తరగతులుగా విభజించారు.

బప్పు గారు, అమెరికా శాస్త్రజ్ఞుడు ఓలిన్ విల్సన్ ఒక అడుగు ముందుకు వేశారు. చల్లని రకం నక్షత్రాలలో కాల్షియం గీత నడుమ సన్నని వెలుగు గీత ఉంటుంది. అది ఎంత వెడల్పయితే నక్షత్రం నిజానికి అంత ప్రకాశవంతమైనదని 1957లో ప్రకటించారు. వీధిదీపం ఎన్ని వాట్లదో తెలిస్తే, అది కనిపించే తీరునుబట్టి దూరం లెక్కకట్టవచ్చు గదా! నక్షత్రం విషయమూ అంతే.

అమెరికాలో అవకాశాలున్నా ఆయన 1953లో స్వదేశానికి తిరిగివచ్చారు. నైనిటాల్‌లో వేధశాల నిర్మాణానికి పూనుకొన్నారు. 1960లో కొడైకెనాల్ వేధశాల బాధ్యత చేపట్టారు. తమిళనాడులోని కావలూరులో కొత్త వేధశాలను తీర్చిదిద్దారు. 2.34 మీటర్ల అద్దంతో పెద్ద టెలిస్కోపును మన దేశంలోనే, మనవారి చేతులతోనే తయారుచేయించాలని పట్టుబట్టారు. 1979లో అంతర్జాతీయ ఖగోళశాస్త్ర సంఘానికి అధ్యక్షులయ్యారు. కాని ఆ టెలిస్కోపు పూర్తికాకముందే, 1982 ఆగస్టు 19న, మ్యూనిచ్‌లో కన్నుమూశారు. వయస్సు 55 ఏళ్ళు. 1986లో దానికి ఆయన పేరే పెట్టారు. నెబో కొండమీద నుండి వాగ్దత్త భూమిని చూసి, అందులో అడుగుపెట్టకుండానే మరణించిన మోషే మనకు గుర్తుకురావడం లేదా?

నక్షత్రపు వెలుగు దేవుణ్ణి రుజువు చేస్తుందని నేననను. దేవుడు కొలతకు లొంగే వస్తువు కాడు. కాని తాకినదే జ్ఞానమనే మాట విజ్ఞానశాస్త్రంలో సైతం నిలవదు. మనదాకా వచ్చిన గురుతును ఓపికగా చదవడమూ జ్ఞానమే. కనుక తల్లిదండ్రులారా, పిల్లవాడు ఆ ప్రశ్న వేస్తే కసరుకోకండి. వాడి పక్కన కూర్చోండి. వెదకేవానికి దేవుడు దూరంగా ఉండడు.