నీరు తీసిన తరువాత: క్లారా బార్టన్ జీవితము

ధ్యానభాగము: లూకా 10:30–37



యెరికో మార్గమున గాయపడినవానికి సమరయుడు చేసిన ఉపకారములో రెండు భాగములు గలవు. గాయములు కట్టుట మొదటిది. పూటకూళ్లవాని యింటికి అతనిని చేర్చి, రెండు దేనారములిచ్చి, ఇంకేమైన ఖర్చయినయెడల మరల వచ్చునప్పుడు తీర్చెదనని మాట ఇచ్చుట రెండవది. మొదటి భాగమును మనము బాగుగా ఎరుగుదుము. రెండవదానిని తరచుగా మరచిపోవుదుము. ఆ రెండవ భాగమును వరద బాధితుల మధ్య చేసి చూపిన క్లారా బార్టన్ జీవితమును ఈ నెల మీ యెదుట ఉంచుచున్నాము.

ఆమె 1821 డిసెంబరు 25న, క్రిస్మసు దినమున, అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రమందు ఆక్స్‌ఫర్డ్ అను ఊరిలో జన్మించెను. మిక్కిలి బిడియము గల పిల్ల. అన్న కొట్టముమీదనుండి పడి మంచము పట్టగా, ఆ చిన్న వయస్సులోనే దాదాపు రెండేండ్లు అతని ప్రక్కనుండి సేవ చేసెను. పెద్దదై బడిపంతులమ్మగాను, పిమ్మట ప్రభుత్వ కార్యాలయములో గుమాస్తాగాను పనిచేసెను. 1861లో ఆ దేశమున అంతర్యుద్ధము రాగా, బండ్లమీద కట్టుగుడ్డలు, ఆహారము వేసికొని యుద్ధభూమికే పోయెను. 1862లో యాంటీటం యుద్ధమున ఆమె ఒక సైనికునికి పరిచర్య చేయుచుండగా, తుపాకి గుండు ఆమె చేతి గుడ్డలోనుండి దూరిపోయి అతనిని చంపెను. అయినను ఆమె పని మానలేదు. యుద్ధము ముగిసిన పిమ్మట, జాడ తెలియని 22,000 మందికి పైగా సైనికుల సంగతి విచారించి కనుగొనెను.

1869లో స్విట్జర్లాండునకు పోయినప్పుడు ఆమె రెడ్‌క్రాస్ సంగతి వినెను. 1881లో, తన 59వ ఏట, అమెరికాలో ఆ సంఘమును స్థాపించెను. ఆ కాలమున రెడ్‌క్రాస్ యుద్ధములో గాయపడినవారి కొరకైనది. వరద, కరవు, అగ్ని ప్రమాదములలోను అది పనిచేయవలెనని ఆమె పట్టుపట్టెను.

ఒహాయో నది చలికాలపు చివర మంచు కరగి, వానలతో కలిసి పొంగుట అచ్చటివారు ఎరిగినదే. 1884 ఫిబ్రవరిలో మాత్రము సిన్సినాటి పట్టణమొద్ద నీటిమట్టము 71 అడుగులకు చేరెను. ప్రభుత్వమువారు పడవలలో ఆహారము పంచుచుండిరి. బార్టన్ అదే పనిని రెండవసారి చేయలేదు. కొరతయైనది ఏదో ముందుగా చూచెను. జనులకు బట్టలు లేవు, పొయ్యిలోనికి బొగ్గు లేదు, పశువులకు మేత లేదు. ఆమె ఒక పొగయోడను అద్దెకు తీసికొని, వీటిని రేవు రేవునకు చేర్చెను. మిసిసిపీ నదిమీదను ఆలాగే చేసెను. నీరు తీసిన పిమ్మట ఆ ఒడ్డులకే తిరిగి వచ్చి, ఇండ్లకు కలప, వ్యవసాయపు పనిముట్లు, విత్తనములు ఇచ్చెను. ఈ పని నాలుగు నెలలు సాగెను.

ఆ దినములలో పెన్సిల్వేనియాలోని ఒక చిన్న ఊరిలో ఆరుగురు పిల్లలు నాటకమాడి, యాభై డాలర్లకు పైగా పోగుచేసి ఆమెకు పంపిరి. ఆ సొమ్మును ఆమె ఒహాయో ఒడ్డున ఆరుగురు బిడ్డలు గల ఒక విధవరాలికి, ఇల్లు నిలువబెట్టుకొనుటకై ఇచ్చెను.

అదే సంవత్సరము జెనీవాలో కూడిన రెడ్‌క్రాస్ మహాసభ, శాంతికాలపు ఆపదలలోను సహాయము చేయుటకు అంగీకరించెను. 1889 మే 31న జాన్స్‌టౌన్ పట్టణమునకు ఎగువనున్న ఆనకట్ట తెగి 2,209 మంది చనిపోయిరి. అయిదు దినములలో ఆమె అక్కడికి చేరెను. వయస్సు 67 ఏండ్లు. ఇండ్లు పోయినవారికి వసతి గృహములు కట్టించి, అయిదు నెలలు నిలిచెను. 1893లో దక్షిణ కరోలినా తీరపు ద్వీపములను ఉప్పెన ముంచినప్పుడు, ఒకప్పుడు బానిసలైన నల్లజాతి రైతుల మధ్య మరుసటి పంట వచ్చువరకు పనిచేసెను. ఆ జనులే మురుగు కాలువలు త్రవ్విరి. స్త్రీలే బట్టలు కుట్టిరి.

ఆమె లోపము లేనిది కాదు. అధికారమును ఇతరులతో పంచుకొనుట ఆమెకు కష్టమాయెను. లెక్కల విషయమై విమర్శలు వచ్చెను. 1904లో పదవి విడిచెను. 1912 ఏప్రిల్ 12న, 90 ఏండ్ల ప్రాయమున కన్నుమూసెను. మన దేశములో రెడ్‌క్రాస్ సంఘము 1920లో ఏర్పడెను.

గోదావరి, కృష్ణ లంకలలోని మన సంఘములకు వరద క్రొత్త కాదు. మొదటి వారము అన్నపు పొట్లములు వచ్చును. తరువాత ఎవరును రారు. చేను ఇసుక మేటవేసిన కౌలు రైతుకు, గోడ కూలిన ముసలమ్మకు అసలైన కష్టము అప్పుడే మొదలగును. కావున ప్రతి సంఘమును తన యూరిలో నష్టపోయినవారి పేర్లను, వారు ఏ మతస్థులైనను, వ్రాసి ఉంచుకొని, మూడవ నెలలో మరల వారి గడప తొక్కవలెనని కోరుచున్నాము. తిరిగి వచ్చెదనని సమరయుడు ఇచ్చిన మాటను నెరవేర్చుట ఇప్పుడు మన వంతు.