గాజు పలకల మీద నిలిచిన నగరం: రాజా దీన్‌దయాళ్ జీవితం

నిజాం కాలపు హైదరాబాదు ఎలా ఉండేదో తెలుసుకోగోరేవారు నేటికీ ఆశ్రయించేది ముఖ్యంగా ఒకే వ్యక్తి పేర వెలువడిన ఛాయాచిత్రాలను. చార్మినారు, చౌమహల్లా దర్బారు, ఫలక్‌నుమా సౌధం, గోల్కొండ కోట, వేటకు బయలుదేరిన ఆరవ నిజాము, కవాతు చేసే సేనలు, కరవు సహాయక పనులు, ఇవన్నీ ఆయన గాజు పలకల మీద పదిలమయ్యాయి. ఆయనే రాజా దీన్‌దయాళ్. తెలుగు నేల మీద జన్మించకపోయినా తెలుగువారి రాజధానీ నగరపు రూపురేఖలను లోకానికి చూపిన ఘనత ఆయనది.

ఛాయాచిత్రకారుని ప్రతిభ అతని కంటిలో ఉంటుందని అందరూ అంటారు. అది నిజమే. అయితే ఏ కెమెరాను, ఏ కటకాన్ని, ఏ పలకను చేపట్టాలన్న నిర్ణయంలో కూడా ఆ ప్రతిభ దాగి ఉంటుంది. వీధిలో నడిచే సామాన్యుడు చిత్రంలో నిలవాలా, ఆనవాలు లేకుండా పోవాలా అన్నది ఆనాడు ఈ నిర్ణయాన్ని బట్టే తేలేది. దీన్‌దయాళ్ జీవితాన్ని ఈ కోణం నుండి పరిశీలిస్తే ఎన్నో ఆసక్తికరమైన విషయాలు తెలియవస్తాయి.

బాల్యం, విద్య

దీన్‌దయాళ్ 1844లో మీరట్ సమీపాన ఉన్న సర్ధనా పట్టణంలో ఒక జైన కుటుంబంలో జన్మించారు. రూర్కీలోని థామసన్ ఇంజనీరింగు కళాశాలలో విద్యనభ్యసించారు. 1866లో ఇందూరులోని ప్రభుత్వ పనుల శాఖ కార్యాలయంలో ఉద్యోగిగా చేరారు. కట్టడాలకు అంచనాలు వేయడం, నక్షాలు గీయడం ఆయన విధులు. కొలత తప్పని చూపు, గీత వంగని చేయి ఆ ఉద్యోగానికి అవసరం.

1874లో, అంటే ముప్పయి ఏళ్ల వయస్సులో, ఆయన ఛాయాచిత్రకళను చేపట్టారు. ఇందూరు మహారాజు రెండవ తుకోజీరావు హోల్కరు ఆయనను ప్రోత్సహించారు. 1875-76లో వేల్సు యువరాజు భారతదేశంలో పర్యటించినప్పుడు ఆ సందర్భాలను చిత్రించే అవకాశం ఆయనకు లభించింది. ఆపై సర్ లెపెల్ గ్రిఫిన్ అనే ఆంగ్లేయ అధికారి వెంట మధ్య భారతంలో పర్యటించి ప్రాచీన కట్టడాలను చిత్రించారు. ఆ చిత్రాలు 1886లో గ్రంథ రూపంలో వెలువడ్డాయి.

తడి పలకతో తపస్సు

ఆయన ఈ కళను అభ్యసించిన రోజుల్లో ఫిల్ము లేదు. చిత్రం గాజు పలక మీదనే పడేది. పలక మీద కొలోడియన్ అనే జిగట ద్రావణాన్ని సమంగా పూసి, చీకటిలో వెండి లవణపు ద్రావణంలో ముంచి, తడి ఆరకముందే కెమెరాలో అమర్చి చిత్రం తీయాలి. తీసిన వెంటనే మళ్లీ చీకటిలోకి వెళ్లి రసాయనాలతో బొమ్మను తేల్చాలి. పూత ఆరిపోతే పలక పనికిరాదు. పది పదిహేను నిమిషాల్లో ముగియవలసిన ఈ తతంగానికి మన వేసవి ఎండల్లో అంత వ్యవధి కూడా దొరకదు. అందుచేత ఊరి బయట ఒక్క చిత్రం తీయాలన్నా చీకటి గుడారం, రసాయనాల సీసాలు, నీళ్లు, గాజు పలకల పెట్టెలు, వీటన్నిటినీ మోసే మనుషులు, బండ్లు వెంట ఉండాలి.

ఇక కెమెరా పరిమాణం సంగతి. చిన్న నెగటివు నుండి పెద్ద బొమ్మ తీయడం ఆ రోజుల్లో అరుదు. నెగటివు ఎంత ఉంటే బొమ్మా అంతే. పెద్ద బొమ్మ కావాలంటే పెద్ద పలక కావాలి, పెద్ద పలకకు పెద్ద కెమెరా కావాలి. 12 అంగుళాల పొడవు, 10 అంగుళాల వెడల్పు గల గాజు పలక ఒక్కటే సుమారు అరకిలో తూగుతుంది. డజను పలకలు తీసుకుపోతే ఆరు కిలోల గాజే అవుతుంది. కెమెరా, ముక్కాలి స్టాండు, కటకాలు దీనికి అదనం.

నెగటివు కింద గుడ్డు తెల్లసొనతో తయారైన కాగితాన్ని ఉంచి ఎండలో పెడితే బొమ్మ దానంతటదే తేలేది. ఆనాటి స్టూడియోకు ఎండే ముడిసరుకు. తిరుమణి చుట్టుపక్కల పల్లెల్లో సౌర పలకల మీద పడే ఎండ నేడు విద్యుత్తుగా మారుతున్నట్లే, ఆ స్టూడియోల డాబాల మీద పడిన ఎండ బొమ్మగా మారేది.

సికింద్రాబాదు స్టూడియో

1885లో వైస్రాయి డఫరిన్ ప్రభువు దీన్‌దయాళ్‌ను తన ఛాయాచిత్రకారునిగా నియమించారు. ఇంచుమించు అదే కాలంలో ఆయన ప్రభుత్వోద్యోగానికి స్వస్తి చెప్పి పూర్తిగా ఈ వృత్తికే అంకితమయ్యారు. నిలకడైన జీతాన్ని వదలి, ఖరీదైన పరికరాల మీద ఆధారపడిన వృత్తిలోకి నలభై దాటిన వయస్సులో దిగడం సాహసమే. 1886లో సికింద్రాబాదులో స్టూడియో వెలసింది. అనంతరం ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాను ఆయనను ఆస్థాన ఛాయాచిత్రకారునిగా స్వీకరించి, రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్ అనే బిరుదుతో సత్కరించారు. ముసవ్విర్ అంటే చిత్రకారుడని అర్థం.

ఏ పనికి ఏ కటకం?

దర్బారు చిత్రకారుడు ఒకేరోజు ఉదయం రాజభవనాన్ని, మధ్యాహ్నం ఒక నవాబు ముఖాన్ని, సాయంత్రం యాభై మంది అధికారుల బారును చిత్రించవలసి రావచ్చు. ఈ మూడింటికీ ఒకే కటకం చాలదు. ఆనాటి వృత్తిదారులు ప్రధానంగా మూడు రకాల కటకాలను దగ్గర ఉంచుకొనేవారు.

మొదటిది 1840లో జోసెఫ్ పెట్జ్‌వాల్ రూపొందించిన రూపచిత్ర కటకం. ఇది వెలుతురును ధారాళంగా లోనికి అనుమతిస్తుంది గనుక కూర్చున్న మనిషి ఎక్కువసేపు కదలకుండా బిగపట్టుకొని ఉండనక్కరలేదు. ఐతే నడుమ ఉన్నది మాత్రమే స్పష్టంగా, అంచులు మసకగా వస్తాయి. పెళ్లివారిని బారుగా నిలబెట్టి దీనితో తీస్తే వధూవరులు చక్కగా పడతారు, చివర నిలబడిన మేనమామలు మసకబారిపోతారు.

రెండవది 1866లో లండనులో డాల్‌మేయర్, జర్మనీలో స్టైన్‌హైల్ వేర్వేరుగా రూపొందించిన కటకం. ఇందులో రెండు కటకాల జతలు ఒకదానికొకటి ఎదురెదురుగా అమరి ఉంటాయి. అందువల్ల సరళరేఖలు వంగవు. వెలుతురు కొంత తక్కువే అయినా అంచు నుండి అంచు వరకు స్పష్టత ఉంటుంది. కట్టడాలకు, పెద్ద గుంపులకు, వీధులకు ఇది అనుకూలం.

మూడవది ఇరుకు చోట్ల నుండి విశాల దృశ్యాన్ని పట్టే కటకం. వెనుకకు జరిగే వీలులేని సందుల్లో, రాజభవనాల లోపలి గదుల్లో ఇది తప్పనిసరి. కానీ దీనితో దగ్గరి వస్తువు మరీ పెద్దదిగా, దూరపు వస్తువు మరీ చిన్నదిగా కనిపిస్తుంది. దీనితో దగ్గర నుండి మనిషిని తీస్తే ముక్కు పెద్దదై ముఖం వికారమవుతుంది.

కటకాన్ని ఎన్నుకోవడానికి ఒక సులువైన లెక్క ఉంది. పలక కర్ణం ఎంతో, కటకపు నాభ్యంతరం దాదాపు అంత ఉంటే దృశ్యం సహజంగా కనిపిస్తుంది. 12కు 10 అంగుళాల పలక కర్ణం దాదాపు పదిహేనున్నర అంగుళాలు. అంతకంటే నాభ్యంతరం ఎక్కువైతే దూరం దగ్గరవుతుంది, తక్కువైతే దృశ్యం విశాలమవుతుంది.

దీన్‌దయాళ్ తీసిన భవనాల చిత్రాలలో స్తంభాలు, గోడలు నిటారుగా నిలిచి ఉంటాయి. ఎత్తైన కట్టడం కోసం కెమెరాను పైకి వంచితే గోడలు వెనుకకు వాలినట్లు పడతాయి. కెమెరాను సమంగా ఉంచి, కటకం బిగించిన ముందు పలకను మాత్రమే పైకి జరిపితే ఆ దోషం ఉండదు. నక్షాలు గీసిన అనుభవం ఉన్నవారికి ఈ సూక్ష్మం బోధపడడం కష్టం కాదు.

వీధి మనిషికి చోటు

తడి పలకతో వీధిని తీస్తే ఒక చిత్రం జరిగేది. పలక మీద బొమ్మ పడడానికి కొన్ని క్షణాలు పట్టేది. ఆ వ్యవధిలో భవనం కదలదు గనుక చక్కగా పడేది. నడిచే మనిషి నీడలా చెదిరిపోయేవాడు, బండి ఒక గీతగా మిగిలేది, త్వరగా సాగిపోయినవారు అసలే కనిపించేవారు కారు. అందుకే ఆనాటి పాత చిత్రాలు కొన్నింటిలో రద్దీ వీధులు కూడా నిర్మానుష్యంగా కనిపిస్తాయి. జనం లేక కాదు, కదిలే జనాన్ని పట్టే శక్తి పలకకు లేక. కూలీలు, అంగళ్లవారు, బాటసారులు ఈ విధంగా చరిత్ర నుండి జారిపోయారు.

1871లో రిచర్డ్ మాడక్స్ అనే ఆంగ్లేయ వైద్యుడు జెలటిన్ పూతతో పొడి పలకను కనుగొన్నారు. 1880 నాటికి ఇవి పెట్టెల్లో సిద్ధంగా అమ్మకానికి వచ్చాయి. వీటిని ముందుగానే కొని ఉంచుకోవచ్చు, తీసిన తరువాత తీరికగా కడుక్కోవచ్చు. మంచి ఎండలో క్షణంలో కొద్ది వంతు చాలు. కటకపు మూతను చేతితో తీసి పెట్టే అలవాటు పోయి, రెప్పపాటులో తెరచి మూసే షట్టరు వచ్చింది. గుడారం బరువు తప్పింది.

దీన్‌దయాళ్ వృత్తి ఊపందుకొన్నది సరిగ్గా ఈ మార్పు వేళనే. సేనల విన్యాసాలు, ఊరేగింపులు, వేట శిబిరాలు, జనంతో నిండిన బాటలు ఆయన చిత్రాలలోకి ప్రవేశించాయి. రాజుల కోసం తీసిన బొమ్మలే అయినా వాటి అంచుల్లో మావటివాడు, నీళ్లు మోసేవాడు, అంగడి మెట్టు మీద కూర్చున్న ముసలివాడు నిలిచిపోయారు. నిజాం రాజ్యంలో కరవు వచ్చినప్పుడు సహాయక పనులను చిత్రించే బాధ్యతను కూడా ఆయన స్టూడియో నిర్వహించింది. దర్బారును చూపిన చేతులే ఆకలిగొన్న ప్రజలనూ చూపాయి.

కెమెరా వెనుక స్త్రీ

పరికరం ఎంత మేలైనదైనా దాని వెనుక ఎవరున్నారన్నది కూడా ముఖ్యమే. పరదా పాటించే కుటుంబాల స్త్రీలు పురుష ఛాయాచిత్రకారుని ఎదుటకు రారు. దీన్‌దయాళ్ 1892లో హైదరాబాదులో స్త్రీల కోసం ప్రత్యేకంగా జెనానా స్టూడియోను నెలకొల్పారు. ఎత్తైన గోడల నడుమ ఉన్న ఆ స్టూడియో నిర్వహణను కెన్నీ లెవిక్ అనే ఆంగ్లేయ వనితకు అప్పగించారు. అంతవరకు ఏ కెమెరా ముందుకూ రాని ఎందరో స్త్రీలకు దీనివలన తమ రూపాన్ని తాము చూసుకొనే అవకాశం కలిగింది.

1893లో చికాగోలో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో ఆయన చిత్రాలు చోటు చేసుకొన్నాయి. 1896లో బొంబాయిలో స్టూడియో ప్రారంభమైంది. 1897లో విక్టోరియా రాణి ఛాయాచిత్రకారునిగా రాజముద్ర గల అనుమతి పత్రం లభించింది. కుమారులు జ్ఞాన్‌చంద్, ధరమ్‌చంద్ ఆయనకు చేదోడుగా నిలిచారు. 1904లో ధరమ్‌చంద్ అకాల మరణం ఆయనను కుంగదీసింది. మరుసటి సంవత్సరమే, 1905లో, దీన్‌దయాళ్ కన్నుమూశారు.

ఫిల్ము యుగానికి వారసత్వం

ఆయన జీవించి ఉండగానే గాజుకు పోటీ వచ్చింది. 1888లో అమెరికాలో ఈస్ట్‌మన్ చుట్టగా ఉండే ఫిల్ముతో చేతిలో ఇమిడే కొడాక్ కెమెరాను విడుదల చేశారు. 1925లో జర్మనీ నుండి వచ్చిన లైకా కెమెరా సినిమా ఫిల్మునే వాడుకొంది. దాని నెగటివు 36 మిల్లీమీటర్ల పొడవు, 24 మిల్లీమీటర్ల వెడల్పు, అంటే అగ్గిపెట్టె కంటే చిన్నది. దాని కర్ణం సుమారు 43 మిల్లీమీటర్లు. అందుకే దానికి 50 మిల్లీమీటర్ల కటకం సహజమైన జోడీ అయింది. లెక్క మాత్రం దీన్‌దయాళ్ కాలం నాటిదే. వీధి ఛాయాచిత్రాలలో అగ్రగణ్యుడైన ఫ్రాన్సు దేశీయుడు హెన్రీ కార్టియర్ బ్రెసాన్ ఎక్కువగా ఈ జోడీతోనే ప్రపంచమంతా తిరిగారు. 1950 ఏప్రిలులో రమణ మహర్షి నిర్యాణ సమయాన ఆయన తిరువణ్ణామలైలో ఉన్నారు. బండ్ల కొద్దీ సామగ్రితో కూడిన వృత్తి అప్పటికి కోటు జేబులో పట్టేంతయింది.

ఐనా పాత పెద్ద పలకలకు ఒక గొప్పదనం మిగిలింది. వాటిలోని సూక్ష్మ వివరాలు చెక్కు చెదరలేదు. స్టూడియో వారు నెగటివులకు సంఖ్యలు ఇచ్చి భద్రపరచడం వల్ల ఏది ఎక్కడిదో గుర్తించగలుగుతున్నాము. 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం 2,857 గాజు నెగటివులను సేకరించి పదిలపరచింది. 2006లో భారత తపాలా శాఖ ఆయన స్మారకంగా తపాలా బిళ్లను విడుదల చేసింది.

మన సరిహద్దు పల్లెల్లో ఇంటింటి గోడల మీదా తాతముత్తాతల చిత్రపటాలు ఉంటాయి. చాలా పటాలలో ఉన్నవారి పేర్లు చెప్పగలిగే పెద్దలు ఒక్కొక్కరే కనుమరుగవుతున్నారు. పటం వెనుక పేరు, ఊరు, సంవత్సరం వ్రాసి ఉంచడానికి ఖరీదైన కెమెరా అక్కరలేదు, పెన్సిలు చాలు. ప్రతి పలకకూ గుర్తు పెట్టి ఉంచిన ఆ స్టూడియో నుండి మన కుటుంబాలు నేర్చుకొనదగిన మొదటి పాఠం ఇదే. పనికి తగిన పరికరాన్ని ఎన్నుకోవడం, తీసినదాన్ని కాపాడుకోవడం అనే రెండు గుణాల వల్లనే రాజా దీన్‌దయాళ్ పేరు నూరేళ్లు దాటినా చిరస్మరణీయమై నిలిచింది.