పోకెల్స్ తమ్ముడు, పోకెల్స్ అక్క

పోయిన ఏడాది ఆప్టిక్స్ క్లాసులో మా లెక్చరర్ గారు బోర్డు మీద పోకెల్స్ ఎఫెక్ట్ అని రాసి, కింద ఒక సమీకరణం వేసి, రెండు మార్కులకు రావచ్చని చెప్పి తుడిచేశారు. ఆ పేరు గల మనిషి ఎవరండీ అని అడిగాను. లైబ్రరీలో చూసి సావనీరుకు రాసివ్వమన్నారు. అందుకే ఈ వ్యాసం. సేద్యం చేసుకునే ఇంట్లో పుట్టినవాణ్ణి, రాతలో తప్పులుంటే పెద్దలు మన్నించాలి.

ఫ్రీడ్రిష్ పోకెల్స్ 1865 జూన్ 18న విచెంజా పట్టణంలో జన్మించాడు. నేటి ఇటలీలోని ఆ ప్రాంతం అప్పట్లో ఆస్ట్రియా ఏలుబడిలో ఉండేది. తండ్రి ఆస్ట్రియా సైన్యంలో పనిచేసేవాడు. మలేరియా వల్ల ఆయన ఆరోగ్యం చెడి, 1871లో కుటుంబం జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్ నగరానికి తరలింది. ఫ్రీడ్రిష్‌కు మూడేళ్ళు పెద్దదైన అక్క ఉంది. ఆమె పేరు ఆగ్నెస్. ఆమెకు ఫిజిక్స్ అంటే ప్రాణం. కానీ అక్కడి విశ్వవిద్యాలయాలు ఆ రోజుల్లో ఆడపిల్లలను చేర్చుకునేవి కావు. తమ్ముడు గొట్టింగెన్‌కు చదువుకు పోయాడు. అక్క ఇంటి పనీ, తల్లిదండ్రుల సేవా చూసుకుంటూ ఉండిపోయింది.

గొట్టింగెన్‌లో ఫోయ్‌గ్ట్ అనే ఆచార్యుని దగ్గర పోకెల్స్ 1888లో డాక్టరేటు పొందాడు. స్ఫటికాన్ని ఒక పక్కనుంచి నొక్కితే దానిలో కాంతి నడక ఎలా మారుతుందన్నది అప్పటి ఆయన పరిశోధన. తరువాత నొక్కడం బదులు విద్యుత్తు ఇచ్చి చూశాడు. ఇక్కడే ఒక చిక్కుంది. క్వార్ట్జ్ వంటి స్ఫటికానికి వోల్టేజి ఇస్తే అది కొద్దిగా సాగుతుంది, లేదా కుంచించుకుంటుంది. ఆ సాగుడు వల్ల కూడా వక్రీభవన గుణకం మారుతుంది. మరి మనం చూసిన మార్పు సాగుడు వల్లనా, విద్యుత్తు వల్లనే నేరుగా వచ్చిందా? చాలామంది సాగుడు వల్లనే అనుకునేవారు. నొక్కితే ఎంత మార్పు వస్తుందో పోకెల్స్‌కు ముందే తెలుసు గనుక, ఆ వాటా తీసేసి లెక్క కట్టాడు. ఇంకా కొంత మిగిలింది. ఆ మిగిలినదే విద్యుత్తు నేరుగా చేసిన పని. సోడియం క్లోరేటు, రోషెల్ లవణం వంటి స్ఫటికాల మీద 1893 నాటికి ఈ సంగతి తేల్చాడు. 1875లో జాన్ కెర్ గాజులో కనుగొన్న మార్పు వోల్టేజి వర్గాన్ని బట్టి పెరుగుతుంది. పోకెల్స్ చూసిన మార్పు వోల్టేజితో సమంగా పెరుగుతుంది. సౌష్ఠవ కేంద్రం లేని స్ఫటికాల్లోనే ఇది కనిపిస్తుంది.

ఆ రెండు వాటాల లెక్క ఈనాటికీ పనికొస్తున్నది. వోల్టేజిని మెల్లగా మారిస్తే స్ఫటికం కూడా దానితోపాటు సాగుతుంది, రెండు వాటాలూ కలిసి వస్తాయి. పౌనఃపున్యం బాగా పెంచితే స్ఫటికం సాగే వ్యవధి ఉండదు. నిండు బండి కాడిని గబగబా ఊపితే కాడి అదురుతుంది గాని బండి కదలదు కదా, అలాగన్నమాట. అప్పుడు నేరుగా వచ్చే వాటా ఒక్కటే మిగులుతుంది. లిథియం నయోబేటులో ఒక గుణకం తక్కువ పౌనఃపున్యంలో వోల్టుకు 6.8 పికోమీటర్లు ఉంటే, ఎక్కువ పౌనఃపున్యంలో 3.4కు, అంటే సగానికి పడిపోతుంది.

కాంతి రంగును బట్టి కూడా లెక్క మారుతుంది. కె.డి.పి. స్ఫటికంతో ఆకుపచ్చ కాంతి ధ్రువణ తలాన్ని 90 డిగ్రీలు తిప్పాలంటే సుమారు ఏడున్నర వేల వోల్టులు కావాలి. తరంగదైర్ఘ్యం దాదాపు రెట్టింపయిన పరారుణ లేజరు కాంతికి వోల్టేజి కూడా దాదాపు రెట్టింపు కావాలి. లేజర్లలో, ఆప్టికల్ ఫైబరు టెలిఫోను లైన్లలో కాంతిని క్షణంలో ఆపి వదిలే తలుపులు ఈ సూత్రం మీదే పనిచేస్తాయి.

పోకెల్స్ 1900 నుంచి హైడెల్‌బర్గ్‌లో ఆచార్యుడిగా ఉన్నాడు. 1906లో స్ఫటికాల కాంతిశాస్త్రం మీద పెద్ద పాఠ్యగ్రంథం వెలువరించాడు. 1913 ఆగస్టు 29న, 48 ఏళ్ళకే కన్నుమూశాడు.

ఇంతవరకూ అందరి జీవిత చరిత్రల్లాంటిదే. నన్ను పట్టుకున్న సంగతి వేరు. ఆ తమ్ముడు తన పాఠ్యపుస్తకాలూ శాస్త్ర పత్రికలూ అక్కకు అందేలా చూశాడు. ఆమె ఇరవయ్యో ఏట ఇంట్లోనే ఒక తొట్టి తయారుచేసుకుని, నీటి ఉపరితలం మీద జిడ్డు పొర ఎలా ప్రవర్తిస్తుందో కొలవడం మొదలుపెట్టింది. 1891లో లార్డ్ రేలీకి ఉత్తరం రాస్తే, ఆయన దాన్ని నేచర్ పత్రికలో అచ్చు వేయించాడు. 1932లో బ్రౌన్‌ష్వైగ్ సాంకేతిక విద్యాలయం ఆమెకు గౌరవ డాక్టరేటు ఇచ్చింది.

మా అక్కయ్య ఇంటర్మీడియట్‌తో చదువు మానేసింది. ఇద్దరి ఫీజులు కట్టే స్థితి నాన్నకు లేదు. నేను కాలేజీకి వచ్చాను, ఆమె మిరప చేలోకి పోయింది. ఇంటికి పోయినప్పుడల్లా ఏం చదువుతున్నావురా అని అడిగేది. నీకు అర్థం కాదులే అనేవాణ్ణి. పోకెల్స్ గురించి చదివాక ఆ మాట తలుచుకుంటే సిగ్గు వేసింది.

మొన్న సంక్రాంతికి ల్యాబులో అడిగి రెండు పోలరాయిడ్ ముక్కలు ఇంటికి తీసుకుపోయాను. అడ్డంగా పెట్టి చీకటి చూపించాను. మధ్యలో మడత పెట్టిన సెల్లోఫేన్ కాగితం ఉంచితే రంగులు వచ్చాయి. అక్కయ్య చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూసి, కాగితం ఒకటే గదా, ఒక్కో మడతకు ఒక్కో రంగు ఎందుకొస్తుందని అడిగింది. తరంగదైర్ఘ్యం ప్రశ్న అదే. మూడేళ్ళు బి.ఎస్సీ. చదువుతున్న నాకు ఆ ప్రశ్న అడగాలని తోచలేదు.

తిరిగి వచ్చేటప్పుడు నా ఫస్టియర్ ఫిజిక్స్ పుస్తకం ఆమె దగ్గరే వదిలి వచ్చాను. ఈ జూన్‌లో ఓపెన్ యూనివర్సిటీకి దరఖాస్తు పెట్టించాలని నాన్నను ఒప్పించే పనిలో ఉన్నాను.