నాగరత్నమ్మకు ఆలస్యంగా పెట్టిన దణ్ణం

కొన్నేళ్ల క్రితం తంజావూరు వైపు యాత్రకి వెళ్లినప్పుడు తిరువయ్యారులో ఆగాం. కావేరి ఒడ్డున త్యాగరాజస్వామి సమాధి దర్శించుకుని ఇవతలకి వస్తుంటే, దానికి ఎదురుగా ఒక స్త్రీ విగ్రహం కనిపించింది. ఎవరో మహాభక్తురాలనుకుని చేతులెత్తాను. ఆవిడ బెంగుళూరు నాగరత్నమ్మ అనీ, దేవదాసి అనీ పక్కనున్నావిడ చెప్పింది. అంతే, నా చేతులు ఒక్క క్షణం ఆగిపోయాయి. చదువుకున్నదాన్ని, కథలు రాసేదాన్ని. నాకే ఇలా అనిపించిందేమిటని సిగ్గేసింది. ఇంటికొచ్చాక ఆమె గురించి వెతికి వెతికి చదివాను.

నాగరత్నమ్మ 1878లో మైసూరు దగ్గర నంజనగూడులో పుట్టారు. చిన్నతనంలోనే తల్లి పోయింది. సంగీతం, నాట్యంతో పాటు సంస్కృతం, తెలుగు కూడా శ్రద్ధగా నేర్చుకున్నారు. తర్వాత మద్రాసు చేరి కచేరీల్లో, హరికథల్లో గొప్ప పేరూ, బాగా డబ్బూ సంపాదించారు.

పుస్తకాలంటే ఆమెకు ప్రాణం. 18వ శతాబ్దంలో తంజావూరు ఆస్థానంలో ఉన్న ముద్దుపళని రాసిన రాధికా సాంత్వనం కావ్యం ఆమె కంటబడింది. ముద్దుపళనీ దేవదాసే. అంతకుముందు అచ్చయిన ప్రతిలో కొన్ని పద్యాలు ఎత్తేశారని గమనించి, రాతప్రతి సంపాదించి, పరిష్కరించి, 1910లో వావిళ్లవారి చేత పూర్తిగా అచ్చు వేయించారు.

ఆ కావ్యాన్ని అప్పటికే తీవ్రంగా తప్పుపట్టినవారు ఎవరనుకున్నారు? మన కందుకూరి వీరేశలింగం పంతులుగారు! ఆడదై ఉండి శృంగారం అలా రాయడమేమిటని ఆయన అభ్యంతరం. వితంతువుల కోసం ఊరందరితో పోరాడిన మనిషి, ముద్దుపళని దగ్గరికి వచ్చేసరికి పద్యం కన్నా ముందు రాసినామె కులం చూశారు. నాగరత్నమ్మ భయపడలేదు. మగకవులు అంతకన్నా పచ్చిగా రాస్తే మెచ్చుకునేవారు ఆడవాళ్లకే ఈ నీతి ఎందుకు చెబుతారని తన పీఠికలోనే నిలదీశారు. అయినా 1911లో ప్రభుత్వం ఆ పుస్తకాన్ని నిషేధించింది. టంగుటూరి ప్రకాశం పంతులుగారి చొరవతో 1947లో గానీ ఆ నిషేధం తొలగలేదు.

న్యాయం ఆమె పక్షానే ఉన్నా, వాదనతో మనుషుల మనసు మారలేదు. మరి ఎప్పుడు మారింది?

1921లో త్యాగయ్యగారి సమాధి ముళ్లకంపల మధ్య పాడుబడి ఉందని తెలిసి ఆమె తల్లడిల్లిపోయారు. తన సంపాదనంతా ఖర్చుపెట్టి ఆ స్థలం బాగుచేయించి 1925కల్లా గుడి కట్టించారు. కానీ అప్పట్లో అక్కడి ఆరాధనోత్సవాలు నడిపే మగ విద్వాంసుల వర్గాలు ఆడవాళ్లను పాడనిచ్చేవి కావు. గుడి కట్టించిన మనిషికే గుళ్లో పాట లేదన్నమాట! ఆమె తిట్టలేదు, ఏడవలేదు. ఆడవాళ్లందర్నీ కూడగట్టి వేరే ఆరాధన మొదలుపెట్టారు. ఏళ్ల తరబడి అలా పాడుతూనే ఉన్నారు. చివరికి 1940ల మొదట్లో వర్గాలన్నీ ఒకటయ్యాయి. ఆడా మగా కలిసి పాడడం మొదలైంది. 1952లో ఆమె కన్నుమూస్తే త్యాగయ్యగారికి ఎదురుగానే సమాధి కట్టారు.

ఇదంతా చదివాక మనసులోనే ఆమెకు దణ్ణం పెట్టుకున్నాను. కానీ వెంటనే ఇంకో ప్రశ్న తొలిచేసింది. గుడి కట్టించింది కాబట్టి గౌరవిస్తున్నానా? కట్టించకపోతే ఆమె పాటకీ, పాండిత్యానికీ విలువ లేదా? మగ విద్వాంసుల దగ్గర ఇలాంటి రుజువు మనమెప్పుడూ అడగలేదే! మన మధ్యన ఉన్న ఆడవాళ్లనీ ఇలాగే చూస్తున్నాం. భర్తని వదిలి వచ్చిన అమ్మాయినీ, రాత్రి పొద్దుపోయి ఇంటికొచ్చే ఉద్యోగినినీ, ముందు ఒక మాట అనేసి తర్వాతెప్పుడో తెలుసుకుంటాం.

ఈసారి తిరువయ్యారు వెళితే ఎవరు, ఏమిటని అడగకుండానే చేతులు జోడిస్తాను.