గొంతు కింద పసుపు మచ్చ



మన హాస్టల్ వెనుక కంపచెట్లలో తిరిగే చిన్న గోధుమరంగు పిట్టను ఒక తమ్ముడు సెల్‌ఫోనులో ఫోటో తీసి నాకు పంపించాడు. దాని పేరేమిటని అడిగాడు. పెద్దది చేసి చూస్తే మట్టిరంగు మరక తప్ప ఏమీ కనబడలేదు. నాకు తెలియదని చెప్పడానికి సిగ్గుపడ్డాను. అప్పుడు డాక్టర్ సలీం అలీ గారి జీవితం గుర్తుకొచ్చింది.

ఆయన 1896 నవంబరు 12న బొంబాయిలో జన్మించారు. ఏడాది వయసులో తండ్రి, మూడేళ్ళకు తల్లి పోయారు. మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ, ఆయన భార్య హమీదా బేగం సొంత బిడ్డలా పెంచారు. మామయ్య ఇచ్చిన ఎయిర్‌గన్‌తో సుమారు పదేళ్ళ ప్రాయంలో సలీం ఒక పిట్టను కొట్టాడు. చూడటానికి అచ్చం ఆడ పిచ్చుకే. కానీ గొంతు కింద పసుపు మచ్చ ఉంది. అదేమిటో వేటగాడైన మామయ్యకూ తెలియలేదు. ఆయన కసురుకోలేదు, ఏదో ఒక పేరు చెప్పి పంపేయనూ లేదు. ఉత్తరం రాసిచ్చి బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ కార్యదర్శి మిల్లార్డ్ దొర దగ్గరకు వెళ్ళమన్నారు. పిల్లవాడు భయపడుతూనే వెళ్ళాడు. దొర అది పసుపు గొంతు పిచ్చుక అని చెప్పి అంతటితో ఆగలేదు. బీరువాలు తెరిచి, భద్రపరిచిన పిట్టలను చూపిస్తూ వాటి మధ్య తేడాలు వివరించారు. ఆ రోజుల్లో పిట్టను గుర్తించాలంటే చంపి చేతిలో పట్టుకుని చూడటమే పద్ధతి. ఈ కాలపు మనకు అది బాధ కలిగించినా, నిజం నిజమే.

చదువు ఆయనకు అంత తేలిగ్గా రాలేదు. 1913లో మెట్రిక్ ఎలాగో గట్టెక్కారు. కాలేజీ మధ్యలో వదిలి బర్మా వెళ్ళి కుటుంబ వ్యాపారం చూశారు. తగిన డిగ్రీ లేనందున ప్రభుత్వ జంతుశాస్త్ర సర్వే సంస్థలో ఉద్యోగం దక్కలేదు. 1926లో బొంబాయి మ్యూజియంలో గైడ్ లెక్చరర్‌గా చేరారు. సెలవు పెట్టి బెర్లిన్ వెళ్ళి స్ట్రెసెమాన్ అనే పండితుని వద్ద శిక్షణ పొంది 1930లో తిరిగి వచ్చేసరికి, నిధుల్లేవని ఆ పోస్టే తీసేశారు.

ఉద్యోగం పోయిన ఆ రోజుల్లోనే, నా దృష్టిలో, ఆయన అసలు పని మొదలైంది. భార్య తెహ్మినాతో కిహిమ్ అనే సముద్రతీర గ్రామానికి చేరి గిజిగాళ్ళను గమనించసాగారు. ఆడ గిజిగాడిని ఫోటోలో చూస్తే పిచ్చుక అనుకుంటాం. ఆయన చూసింది రంగు కాదు, నడవడి. మగది సగం గూడు అల్లి ఆగుతుంది. ఆడది వచ్చి లోపల పరీక్షించి, నచ్చితేనే ఉంటుంది. అప్పుడు మగది ఆ గూడు పూర్తిచేసి, మరో ఆడదాని కోసం ఇంకొకటి మొదలుపెడుతుంది. గంటల తరబడి కూర్చుంటే తప్ప ఈ సంగతి దొరకదు.

తర్వాత జీతం వద్దు, ప్రయాణం, బస ఖర్చులు ఇస్తే చాలని సంస్థానాలను అడిగారు. అలా 1931-32లో నిజాం రాజ్యంలో పక్షుల సర్వే చేశారు. మన తెలంగాణ పిట్టలూ ఆ లెక్కలోకి ఎక్కాయి. 1939లో తెహ్మినా మరణించారు. 1941లో భారతదేశపు పక్షులపై ఆయన పుస్తకం వచ్చింది. డిల్లన్ రిప్లీతో కలిసి రాసిన పది సంపుటాల గ్రంథం 1968-74 మధ్య వెలువడింది. 1976లో పద్మవిభూషణ్, 1985లో రాజ్యసభ సభ్యత్వం. 1987లో కన్నుమూశారు.

ఇక మన తమ్ముడి ఫోటో. రంగు వదిలేసి మూడు సంగతులు చూసి చెప్పమన్నాను: ముక్కు గింజలు కొరికేలా మందంగా ఉందా, పురుగులు ఏరుకునేలా సన్నగా ఉందా? తోక ఎలా ఆడిస్తుంది? ఎలా కూస్తుంది? వారం రోజులు పొద్దున్నే కంపల దగ్గర కూర్చున్నాడట. ముక్కు సన్నం, తోక పొడుగు, మాటిమాటికీ పైకి నిక్కబొడుస్తుందట. అయితే పిచ్చుక కాదు, ప్రీనియా కావచ్చు. ప్రీనియాల్లో ఏదన్నది ఆ ఫోటోతో తేలలేదు. కూత ఇంకా వినాలన్నాడు.